డీవీడీ డ్రైవ్ కనబడలేదంటే ఎవరికి కనబడలేదు? లినక్స్ ల్యాప్‌టాప్‌లలో ఒక పాత చిక్కుపై సమీక్ష

పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌ను లినక్స్‌తో మళ్లీ పనిలోకి తెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. విండోస్ బరువు మోయలేక మూలనపడ్డ మెషీన్ మీద మింటో డెబియనో ఎక్కించగానే వైఫై దొరుకుతుంది, సౌండ్ వస్తుంది, టచ్‌ప్యాడ్ మాట వింటుంది. ఎప్పుడో రాయించి దాచుకున్న పెళ్లి డీవీడీ ట్రేలో పెట్టేసరికి మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ గుర్తే కనిపించదు. మౌంట్ చేయబోతే అలాంటి డివైసే లేదంటుంది.

ఈ ఒక్క ఫిర్యాదు మీద ఇరవై ఏళ్లుగా పేరుకుపోయిన సలహాలు చదివితే బుర్ర తిరిగిపోతుంది. మౌంట్ చేయాల్సినవాటి జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక లైను మార్చమంటారొకరు. బూట్ చేసేటప్పుడు కెర్నెల్‌కు ఫలానా పారామీటర్ ఇవ్వమంటారు ఇంకొకరు. బయోస్ రీసెట్ చేయమని, డ్రైవ్ పారేసి కొత్తది వేయించమని, మొత్తం సిస్టమే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమని మరికొందరు. వీటిలో పూర్తిగా తప్పనదగ్గవి తక్కువే. ప్రతిదీ ఎవరో ఒకరికి ఎప్పుడో పనిచేసిందే. చిక్కల్లా, "డ్రైవ్ కనబడడం లేదు" అనే మాట వెనక కనీసం నాలుగు వేరువేరు లోపాలున్నాయి. ఒకదాన్ని బాగుచేసిన ఉపాయం ఇంకొకదాని మీద పారదు. కనబడలేదంటే ఎవరికి కనబడలేదు? బయోస్‌కా, కెర్నెల్‌కా, డివైస్‌లకు పేర్లు పెట్టే యూడెవ్‌కా, డెస్క్‌టాప్‌కా? ఇది తేల్చకుండా మొదలుపెట్టే ఏ మరమ్మతైనా చీకట్లో బాణం వేయడమే. తేల్చడం కష్టమైన పని కూడా కాదు. చాలా సందర్భాల్లో జవాబు కెర్నెల్ లాగ్‌లో ఒకటి రెండు లైన్లలోనే ఉంటుంది.

అందరినీ బాగా తికమకపెట్టే సందర్భంతో మొదలుపెడదాం. డెబియన్ ఇన్‌స్టాలర్ సీడీ పెట్టి మెషీన్ ఆన్ చేస్తారు. సీడీ నుంచే బూట్ అవుతుంది, మెనూ వస్తుంది, భాష అడుగుతుంది, కీబోర్డ్ అడుగుతుంది. ఆ వెంటనే సీడీ-రామ్ డ్రైవ్ ఏదీ దొరకలేదు, దాని డ్రైవర్ ఉంటే వేరే డిస్క్ నుంచి ఇవ్వండి అంటుంది. ఇంతదూరం వచ్చింది ఆ సీడీ మీద నుంచే కదా, ఇప్పుడు దొరకకపోవడమేమిటి?

ఇక్కడ సీడీని చదివేవాళ్లు ఇద్దరు, బయోస్, కెర్నెల్. 1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు కలిసి రూపొందించిన ఎల్ టొరిటో పద్ధతి ప్రకారం బయోస్ తన సొంత కోడ్‌తో సీడీని చదువుతుంది. బూట్‌లోడర్, కెర్నెల్, ఇనిట్‌రామ్‌డిస్క్ అన్నీ ఆ దారిలోనే మెమరీలోకి వస్తాయి. కెర్నెల్ లేచి నిలబడ్డాక బయోస్ చూపించిన దారి పనికిరాదు. కంట్రోలర్ ఏదో, దాని మీద ఏమేం తగిలించి ఉన్నాయో కెర్నెల్ తన డ్రైవర్లతో మొదటినుంచి వెతుక్కోవాలి. అంటే సీడీ నుంచి బూట్ అయి, తర్వాత డ్రైవ్ దొరకలేదంటే డ్రైవ్‌కు కరెంటు అందుతోందని, లేజర్ చదువుతోందని, కనెక్టర్ తగులుతోందని అప్పటికే రుజువైపోయింది. ఇక వెతకాల్సింది కెర్నెల్ వైపే. ఆ కంట్రోలర్‌కు డ్రైవర్ ఇనిట్‌రామ్‌డిస్క్‌లో లేకపోవడమో, బయోస్‌లో సాటా మోడ్ మార్పో కారణమై ఉంటుంది. డెబియన్‌ను పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా ఇదే మెసేజ్ రావచ్చు. అప్పుడు అది మీ డీవీడీ డ్రైవ్ సంగతి చెప్పడం లేదు. ఇన్‌స్టాలర్ తన ఇమేజ్ ఎక్కడున్నా దాన్ని సీడీ అనే అనుకుంటుంది కాబట్టి ఆ పెన్‌డ్రైవ్ గురించే చెబుతోంది. ఈ తేడా తెలియక బాగున్న డ్రైవ్‌ను విప్పదీసినవాళ్లున్నారు.

దీన్ని తిరగేసి చూసినా ఉపయోగమే. బయోస్ బూట్ మెనూలోనే డ్రైవ్ పేరు లేకపోతే లినక్స్‌లో ఎన్ని ఫైళ్లు దిద్దినా ఫలితం ఉండదు. దీనికో మినహాయింపు ఉంది. ఫాస్ట్ బూట్ ఆన్ చేసి ఉంటే కొన్ని బయోస్‌లు ఆప్టికల్ డ్రైవ్‌ను పలకరించకుండానే ముందుకెళ్లిపోతాయి. కాబట్టి ఫాస్ట్ బూట్ ఆపి, సెటప్‌లో ఆ పోర్ట్‌ను ఎవరైనా డిసేబుల్ చేశారేమో చూసి, మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి మళ్లీ ఆన్ చేయాలి. ఇది మంత్రం కాదు. ల్యాప్‌టాప్‌లో పవర్ వ్యవహారాలు చూసే ఎంబెడెడ్ కంట్రోలర్ మామూలు రీస్టార్ట్‌తో రీసెట్ కాదు. దానికి కరెంటు పూర్తిగా ఆగితేనే పాత స్థితి చెరుగుతుంది.

సలహాల్లో ఇంత గందరగోళం ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం చరిత్ర కావాలి. ఒకప్పుడు లినక్స్‌లోకి సీడీయే గుమ్మం. 2005 నుంచి 2011 దాకా కానానికల్ సంస్థ ఉబుంటు సీడీలను అడిగినవాళ్లకల్లా పోస్టులో ఉచితంగా పంపేది. మన దేశంలో లినక్స్ ఫర్ యూ పత్రిక డిస్క్‌తో కలిపి వచ్చేది. డ్రైవ్ కనబడకపోతే లినక్సే లేదు కాబట్టి సలహాలు కుప్పలుగా పుట్టాయి. సరిగ్గా ఆ కాలంలోనే కెర్నెల్ లోపల డ్రైవ్‌లను చూసే పద్ధతి మొత్తం మారిపోయింది.

అంతకుముందు ఐడీఈ డ్రైవర్ కింద ల్యాప్‌టాప్ సీడీ డ్రైవ్ పేరు సాధారణంగా హెచ్‌డీసీ. సీడీ రాయాలంటే 2.4 కెర్నెల్ రోజుల్లో ఐడీఈ-స్కజీ అనే మారువేషం వేయించాల్సి వచ్చేది. 2006 చివర్లో వచ్చిన 2.6.19 కెర్నెల్‌లో లిబ్‌ఏటీఏ అనే కొత్త డ్రైవర్ వ్యవస్థ కింద ప్యాటా (సాటాకు ముందుతరం) డ్రైవర్లు చేరాయి. 2007లో ఫెడోరా 7 వాటికి మారింది. హెచ్‌డీసీ కాస్తా ఎస్ఆర్0 అయింది. చివరికి 2021లో 5.14 కెర్నెల్ నుంచి పాత ఐడీఈ కోడ్‌ను పూర్తిగా తీసేశారు. అందువల్ల హెచ్‌డీసీ అనే పేరు ఎక్కడ కనిపించినా, ఐడీఈ-స్కజీ ప్రస్తావన ఎక్కడున్నా, ఆ సలహా వయసు మీకు తెలిసిపోయినట్టే. చదవడం ఆపేయవచ్చు. పాత మెషీన్‌లో తరాలుగా అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో హెచ్‌డీసీ లైను మిగిలి ఉంటే మాత్రం దాన్ని ఎస్ఆర్0గా మార్చాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్ సలహా నిజంగా అక్కరకొచ్చేది అక్కడొక్కచోటే.

మధ్యలో ఒక ఇబ్బందికరమైన దశ కూడా నడిచింది. ఇంటెల్ ఐసీహెచ్6, ఐసీహెచ్7 చిప్‌సెట్ల ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్క్ సాటా, సీడీ డ్రైవ్ ప్యాటా. బయోస్ రెంటినీ కంబైన్డ్ మోడ్‌లో ఒకే కంట్రోలర్‌లా చూపించేది. కెర్నెల్‌లో పాత ఐడీఈ డ్రైవర్, కొత్త లిబ్‌ఏటీఏ ఆ కంట్రోలర్ కోసం పోటీపడేవి. గెలిచినవాడి చేతిలో ఒక డివైస్ కనబడేది, రెండోది మాయమయ్యేది. లిబ్‌ఏటీఏకు అటాపి ఎనేబుల్డ్ అనే పారామీటర్ ఇవ్వమనే సలహా ఆనాటిదే. ఇప్పటి కెర్నెళ్లలో అటాపి, అంటే ఆప్టికల్ డ్రైవ్‌లకు కమాండ్లు పంపే పద్ధతి, మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఆ పారామీటర్ ఇవ్వడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక అసలు చోటు కెర్నెల్ లాగ్. టెర్మినల్‌లో డీమెసేజ్ కొట్టి, ఏటీఏ అనే అక్షరాలున్న లైన్లు, ఎస్ఆర్ అని ఉన్న లైన్లు వెతకాలి. అక్కడ కనిపించేది ఎక్కువగా మూడు రకాల్లో ఒకటి.

మొదటిది మంచి వార్త. "సాటా లింక్ అప్ 1.5 జీబీపీఎస్, ఎస్‌స్టేటస్ 113" అని ఒక లైను, దాని కింద అటాపి అని, డ్రైవ్ మోడల్ పేరు, ఇంకాస్త కింద "అటాచ్డ్ స్కజీ సీడీ-రామ్ ఎస్ఆర్0". ఇది ఉంటే డ్రైవ్ కెర్నెల్‌కు కనబడింది. ఎవరు ఏమన్నా సరే, స్క్రూడ్రైవర్ తీయనక్కరలేదు, బయోస్ ముట్టుకోనక్కరలేదు. తప్పు కెర్నెల్‌కు పైమెట్టులో ఎక్కడో ఉంది.

రెండోది "సాటా లింక్ డౌన్, ఎస్‌స్టేటస్ 0". అవతల ఎవరూ లేరని కెర్నెల్ అంటోంది. కొత్తవాళ్లు ఇక్కడ కంగారుపడతారు. ఖాళీ పోర్టులన్నిటికీ ఇదే లైను వస్తుంది, ఇలాంటివి మూడు నాలుగు ఉండడం మామూలే. వాటిలో మన డ్రైవ్ ఉండాల్సిన పోర్ట్ ఏదో తెలియాలి. డ్రైవ్ పనిచేసిన రోజుల లాగ్ ఉంటే అదే సులువైన దారి. జర్నల్‌సీటీఎల్ పాత బూట్‌ల కెర్నెల్ మెసేజ్‌లు దాచి ఉంచితే నెల కిందటి బూట్‌ను, ఇవాళ్టి బూట్‌ను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆ నెలలో కెర్నెల్ మారిందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

ఎస్‌స్టేటస్ అంకెను కాస్త దగ్గరగా చూడడం లాభం. 113లో చివరి 3 అంటే అవతల డివైస్ ఉంది, మాటలు కుదిరాయి అని. మధ్య 1 వేగం, మొదటి తరం 1.5 గిగాబిట్లు. ల్యాప్‌టాప్ ఆప్టికల్ డ్రైవ్‌లు ఎక్కువగా ఈ వేగంలోనే నడుస్తాయి, అది లోపం కాదు. ముందున్న 1 లింక్ మేలుకుని ఉందని. ఇంతవరకూ బాగానే ఉంది. లింక్ డౌన్ అంటూనే ఎస్‌స్టేటస్ 1 అని వస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. అవతల ఎవరో ఉన్నారని తెలుస్తోంది, మాట మాత్రం కుదరడం లేదు అని దానర్థం. ఖాళీ పోర్ట్ అలా చెప్పదు. కనెక్టర్ వదులవడం, లోపలి ఫ్లాట్ కేబుల్ నలగడం, పిన్నుల మీద చిలుము పట్టడం లాంటివి ఇలా బయటపడతాయి. ఈ ఒక్క అంకె చూసుకోకుండా కొత్త డ్రైవ్ కొని, అదీ కనబడక తల పట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మూడోది టైమ్‌అవుట్. లింక్ అప్ అని వస్తుంది, తర్వాత "క్యూసీ టైమ్‌అవుట్, కమాండ్ ఏ1", ఆ వెంటే "ఫెయిల్డ్ టు ఐడెంటిఫై". ఏ1 అంటే అటాపి డివైస్‌ను నీ పేరేమిటి, నీకేం వచ్చు అని అడిగే కమాండ్. కెర్నెల్ అడిగింది, డ్రైవ్ జవాబివ్వలేదు. కెర్నెల్ లింక్‌ను రీసెట్ చేసి, వేగం తగ్గించి, మళ్లీ అడుగుతుంది. చివరికి వదిలేస్తుంది. మెషీన్ బూట్ అవడానికి నిమిషం అదనంగా తీసుకుంటోందని విడిగా ఫిర్యాదు చేసేవాళ్లకు చాలాసార్లు కారణం ఇదే. రెండు ఫిర్యాదులూ ఒక్కటేనని వాళ్లకు తెలియదు.

టైమ్‌అవుట్ వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ట్రేలో డిస్క్ ఏదైనా మర్చిపోయారా అని. గీతలు పడిన డిస్క్‌ను చదవడానికి తంటాలు పడుతూ కొన్ని డ్రైవ్‌లు ఆన్ కాగానే అసలు ప్రశ్నకు జవాబివ్వవు. ట్రే ఖాళీ చేసి బూట్ చేయండి. తర్వాతది చల్లటి బూట్‌కు, వెచ్చటి బూట్‌కు తేడా. పొద్దున ఆన్ చేసినప్పుడు కనబడని డ్రైవ్ రీస్టార్ట్ చేస్తే కనబడుతోందంటే అది పవర్ అందాక సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటోంది. అలాంటప్పుడు రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. సిస్ డైరెక్టరీలో క్లాస్, స్కజీ హోస్ట్ కింద ఆ పోర్ట్‌కు చెందిన స్కాన్ అనే ఫైల్‌లోకి రూట్‌గా మూడు అడ్డగీతలు, మధ్యలో ఖాళీలు వదిలి, రాస్తే కెర్నెల్ ఆ పోర్ట్‌ను మళ్లీ వెతుకుతుంది. డ్రైవ్ అప్పుడు కనబడితే ఆ పనినే బూట్ చివర్లో జరిగే చిన్న సర్వీస్‌గా పెట్టుకోవచ్చు. నేను ఇలాంటి కేసుల్లో డ్రైవ్‌ను మార్చమని చెప్పను. ఏడాదికి రెండుసార్లు డిస్క్ చదువుకునేవాళ్లకు ఆ సర్వీస్ చాలు.

లింక్ డౌన్ దగ్గరికి తిరిగి వద్దాం. ఇక్కడ స్క్రూడ్రైవర్‌కు పని ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌ను పట్టి ఉంచేది అడుగున ఒకే ఒక్క స్క్రూ. అది తీస్తే డ్రైవ్ పక్కనుంచి సొరుగులా జారి బయటికొస్తుంది. స్లిమ్‌లైన్ సాటా కనెక్టర్‌లో డేటాకు 7 పిన్నులు, పవర్‌కు 6. డెస్క్‌టాప్ డ్రైవ్‌కు కావాల్సిన 12 వోల్టులు ఇక్కడ లేవు, ఉన్నది 5 వోల్టులే. ఆ 6 పిన్నుల్లో ఒకటి డివైస్ ప్రెజెంట్. డ్రైవ్ లోపల ఉందని మదర్‌బోర్డ్‌కు చెప్పడమే దాని పని. ఆ పిన్ తగలకపోతే బోర్డ్ ఆ చోటు ఖాళీ అనుకుని కరెంటే ఇవ్వకపోవచ్చు.

అందుకే ఎజెక్ట్ బటన్ చాలా చెబుతుంది. మెషీన్ ఆన్‌లో ఉండగా బటన్ నొక్కితే ట్రే బయటికొచ్చిందా, లైట్ వెలిగిందా? వస్తే 5 వోల్టులు అందుతున్నాయి, తప్పు డేటా తీగల్లో ఉంది. రాకపోతే కరెంటే రావడం లేదు. డ్రైవ్ తీసి, కనెక్టర్ శుభ్రం చేసి, నొక్కి కూర్చోబెట్టండి. కొన్ని మోడళ్లలో డ్రైవ్ నేరుగా మదర్‌బోర్డ్‌కు తగలదు. మధ్యలో ఒక చిన్న బోర్డ్, దానికో ఫ్లాట్ కేబుల్ ఉంటాయి. కీబోర్డో స్క్రీనో మార్పించినప్పుడు ఆ కేబుల్ తిరిగి పెట్టడం మర్చిపోవడం రిపేర్ బల్లల మీద తరచూ జరిగేదే. సర్వీస్ నుంచి వచ్చాకే డ్రైవ్ కనబడడం మానేసిందంటే ముందు అక్కడే చూడాలి.

సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల డీవీడీ డ్రైవ్ తీసేసి దాని స్థానంలో హార్డ్‌డిస్క్‌ను పట్టి ఉంచే చట్రం (కాడీ) పెట్టి, పాత హార్డ్‌డిస్క్‌ను అందులోకి మార్చి, అసలు చోట ఎస్ఎస్‌డీ వేయించుకోవడం మామూలు పని. బయటికి మాత్రం డీవీడీ డ్రైవ్ ముఖమే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ పట్టీని కాడీకి తగిలిస్తారు. ఎజెక్ట్ బటన్ నొక్కితే నొక్కుకుంటుంది, వెనక ఏమీ ఉండదు. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టినప్పుడు ఎస్ఆర్0 బదులు ఎస్‌డీబీ అనే రెండో డిస్క్ కనిపిస్తే మీ దగ్గర ఉన్నది డీవీడీ డ్రైవే కాదు.

సాటా రాకముందు ల్యాప్‌టాప్‌లలో 50 పిన్నుల ప్యాటా కనెక్టర్ ఉండేది. వాటి బాధ వేరే. అక్కడ మాస్టర్, స్లేవ్, కేబుల్ సెలెక్ట్ అనే ఏర్పాటు డ్రైవ్‌లోనే స్థిరంగా ఉండేది, మార్చుకోవడానికి జంపర్ ఉండేది కాదు. హార్డ్‌డిస్క్‌తో ఒకే చానల్ పంచుకునే మెషీన్‌లో మాస్టర్‌గా అమర్చిన వేరే డ్రైవ్ వేస్తే ఇద్దరు మాస్టర్లు తయారై డ్రైవో, హార్డ్‌డిస్కో, కొన్నిసార్లు రెండూనో కనబడకుండా పోయేవి. అంత పాత మెషీన్లు ఇంకా నడిపేవాళ్లు తక్కువ.

ఇప్పటి సలహాలు సరిగా పట్టించుకోనిది పవర్ పొదుపు. బ్యాటరీ నిలవాలని టీఎల్‌పీ వేసుకోవడం లినక్స్ ల్యాప్‌టాప్‌వాళ్లకు దాదాపు ఆనవాయితీ. అందులో డ్రైవ్ బేకు బ్యాటరీ మీద పవర్ ఆపేసే ఒక ఎంపిక ఉంది, థింక్‌ప్యాడ్ అల్ట్రాబేల లాంటివాటి కోసం. అది ఆన్ చేసి ఉంటే బ్యాటరీ మీద బూట్ అయినప్పుడు ఎస్ఆర్0 అనే పేరే తొలగిపోతుంది. చార్జర్ పెట్టి బూట్ చేస్తే ఉంటుంది, తీసి చేస్తే ఉండదు. లోపం వస్తూ పోతూ ఉందని అనుకుంటారు గానీ ఈ చార్జర్ సంబంధాన్ని గమనించరు. టీఎల్‌పీ కాన్ఫిగ్ ఫైల్‌లో బే అనే మాటతో మొదలయ్యే లైన్లు చూస్తే తేలిపోతుంది. అల్ట్రాబే ఉన్న థింక్‌ప్యాడ్‌లలో తర్వాతి మోడళ్లలో ఎజెక్ట్ బటన్ నొక్కితే డ్రైవ్ మళ్లీ మేలుకుంటుంది.

దీనితో కలగాపులగం చేసేది జెడ్‌పీఓడీడీ, అంటే డిస్క్ లేనప్పుడు డ్రైవ్‌కు కరెంటు పూర్తిగా ఆపేసే ఏర్పాటు. 2013లో 3.9 కెర్నెల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. డ్రైవ్, బోర్డ్ రెండూ అందుకు సిద్ధంగా ఉంటేనే పనిచేస్తుంది. డ్రైవ్ ఖాళీగా ఉంటే అర నిమిషం తర్వాత కరెంటు ఆగుతుంది, ఎజెక్ట్ నొక్కగానే ఏసీపీఐ ద్వారా కబురందుకుని కెర్నెల్ దాన్ని లేపుతుంది. ఇందులో ఎస్ఆర్0 పేరు పోదు, కరెంటు మాత్రమే పోతుంది. కాబట్టి పేరే లేదనే ఫిర్యాదుకు జెడ్‌పీఓడీడీని నిందించడం సరికాదు. పేరుండీ బటన్ నొక్కితే ట్రే కదలకపోతే అప్పుడు దాన్ని అనుమానించాలి.

ఇక సాటా లింక్ పవర్ మేనేజ్‌మెంట్. 2018లో 4.16 కెర్నెల్, ఫెడోరా 28 వచ్చాక ల్యాప్‌టాప్‌లలో ఒక మధ్యస్థమైన పొదుపు విధానం మామూలైంది. అంతకుముందు నుంచే పవర్‌టాప్, టీఎల్‌పీ లాంటివి లింక్‌ను మరింత గట్టిగా నిద్రపుచ్చేవి. లింక్ నిద్రలో ఉండగా డ్రైవ్‌ను కొత్తగా పెట్టినా పోర్ట్‌కు తెలియదు, హాట్‌ప్లగ్ పనిచేయదు. కొన్ని పాత డ్రైవ్‌లు ఆ నిద్రలోంచి సరిగా లేవవు కూడా. పరీక్షించడం తేలిక. ఆ పోర్ట్ విధానాన్ని మ్యాక్స్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి, పైన చెప్పినట్టు మళ్లీ స్కాన్ చేయించాలి. అప్పుడు కనబడితే దోషి దొరికినట్టే.

డ్రైవ్ కెర్నెల్‌కు దొరికి కూడా డెస్క్‌టాప్‌లో కనబడని సందర్భాలను త్వరగా ముగిస్తాను. సొంతంగా కెర్నెల్ కట్టుకున్నవాళ్లు ఎస్ఆర్ మాడ్యూల్‌ను మర్చిపోతారు. అటాపి లైను వస్తుంది, అటాచ్డ్ లైను రాదు. డిస్క్‌ను కాపీ చేసే మేక్‌ఎంకేవీ లాంటి ప్రోగ్రామ్‌లకు ఎస్‌జీ అనే ఇంకో మాడ్యూల్ కావాలి. మోడ్‌ప్రోబ్‌తో రెండూ తెచ్చుకోవచ్చు. రూట్‌కు కనబడి మీకు కనబడకపోతే గ్రూప్ చూసుకోండి, డెబియన్ కుటుంబంలో అది సీడీరామ్, ఆర్చ్‌లో ఆప్టికల్. డిస్క్ మారిందన్న సంగతి కనిపెట్టే పని ఒకప్పుడు హాల్ అనే సర్వీస్ చేసేది, 2011లో 2.6.38 నుంచి కెర్నెలే చేయగలుగుతోంది. హాల్‌ను రీస్టార్ట్ చేయమనే సలహాకు ఇప్పుడు అర్థం లేదు.

మన దగ్గర ప్రత్యేకంగా ఎదురైన చిక్కు ఇంటర్నెట్ డాంగిళ్లది. హువావే, జెడ్‌టీఈ తయారుచేసిన యూఎస్‌బీ డాంగిళ్లు చాలావాటిలో విండోస్ డ్రైవర్లు ఒక నకిలీ సీడీలో ఉంటాయి. గుచ్చగానే అది మోడెమ్‌గా కాక సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటుంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ దాన్ని మోడెమ్‌గా మారుస్తుంది. డాంగిల్ గుచ్చి ఉంచి బూట్ చేస్తే ఎస్ఆర్0 పేరు దానికి దక్కి, అసలు డీవీడీ డ్రైవ్ ఎస్ఆర్1 కావచ్చు. ఎస్ఆర్0ను మౌంట్ చేసేవాళ్లకు ఏదో వింత సెటప్ ఫైల్ కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు. బూట్ చేసేముందు డాంగిల్ పీకేస్తే సరి.

డ్రైవ్ కనబడి డిస్క్ మాత్రం చదవకపోవడం వేరే సమస్య. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. ఒకటి అరిగిపోయి రెండోది బాగుండవచ్చు. సీడీలు ఆడుతూ డీవీడీలు ఆడని డ్రైవ్‌లు అందుకే అన్ని ఉంటాయి. దానికి లినక్స్‌లో మందు లేదు.

బూట్ పారామీటర్ల గురించి నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్పదలచుకున్నాను. ఏసీపీఐ ఆఫ్, నోఏపిక్, ఐఆర్‌క్యూ పోల్ లాంటివాటిని వరుసగా గ్రబ్ లైనులో కూరడం మానేయాలి. ఏసీపీఐ ఆపితే ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ సమాచారం, నిద్ర అన్నీ పోతాయి. డ్రైవ్ కోసం అంత మూల్యం చెల్లించనక్కర్లేదు. టైమ్‌అవుట్ కేసులో ఒక్క పోర్ట్‌కు మాత్రమే వేగం తగ్గించే లిబ్‌ఏటీఏ ఫోర్స్ అనే పారామీటర్ ఉంది. అది పద్ధతైన సాధనం, మిగతా డిస్క్‌లను కదిలించదు. దానికన్నా ముందు వేరే వెర్షన్ కెర్నెల్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడడం మేలు. అందులో కనబడితే మీ కెర్నెల్‌దే తప్పు, అప్‌గ్రేడో డౌన్‌గ్రేడో చేయండి. అందులోనూ కనబడకపోతే ఇంక పారామీటర్లతో కాలం వృథా చేయకండి.

అన్నీ చూశాక డ్రైవ్ బాగుండి బోర్డ్ మీది పోర్టే పోయిందని తేలితే, అదే డ్రైవ్‌ను ఒక యూఎస్‌బీ కేస్‌లో పెట్టుకుని వాడుకోవచ్చు. కేస్ కొనేటప్పుడు మందం చూడాలి, డ్రైవ్‌లలో 12.7 మిల్లీమీటర్లవి, 9.5 మిల్లీమీటర్లవి ఉన్నాయి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2 పోర్ట్ నిబంధనల ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులు. డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు డ్రైవ్ అంతకన్నా ఎక్కువే లాగుతుంది. డ్రైవ్ కనబడి, డిస్క్ తిరగబోయి, డిస్‌కనెక్ట్ అని లాగ్‌లో వచ్చి, మళ్లీ కనబడుతూ ఉంటే కారణం అదే. రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకునే వై కేబులో, సొంత అడాప్టర్ ఉన్న హబ్బో కావాలి. ఆపిల్ యూఎస్‌బీ సూపర్‌డ్రైవ్ దొరికిందని తెచ్చుకుంటే మాత్రం అది ఎస్ఆర్0గా కనబడుతుంది గానీ డిస్క్‌ను లోపలికి తీసుకోదు. ఆపిల్ కంప్యూటర్ పంపే ఒక చిన్న కమాండ్ అందితే తప్ప అది కదలదు. ఎస్‌జీ-రా అనే పనిముట్టుతో ఆ కమాండ్‌ను లినక్స్ నుంచీ పంపవచ్చు. ఒక యూడెవ్ రూల్‌గా రాసిపెట్టుకుంటే గుచ్చిన ప్రతిసారీ దానంతటదే వెళ్తుంది.